దుమ్ముగూడెం కాలువకు రెండో కొస

ఇంగ్లండు వెళ్ళివచ్చినవాళ్ళు వ్యాసం వ్రాయకుండా ఊరుకోరు. బకింగ్‌హాం భవనం ముందు నిలబడి ఫోటో తీయించుకోవడం, థేమ్సు నదిని చూసి ఇంతేనా అని పెదవి విరవడం, కప్పు కాఫీ ఖరీదును రూపాయల్లోకి మార్చుకుని నిట్టూర్చడం - ఈ మూడూ లేని వ్యాసం నేను ఇంతవరకు చదవలేదు. మేమూ ఆ మూడూ చేశాము. మా ఆవిడ కాఫీ లెక్క మరీ జాగ్రత్తగా కట్టి, రెండో రోజునుంచి ఫ్లాస్కు మోసింది. అయితే ఆ సంగతులన్నీ మీరు ఇదివరకే చదివివుంటారు గనుక మళ్ళీ వ్రాయను. మేము వెళ్ళినపని వేరు. అందులో సగం మా ఊరి కాలువది, సగం మా ఊరి పెద్దావిడది.

మా ఊరు దుమ్ముగూడెం. భద్రాచలానికి ఎగువన, గోదావరికి ఎడమ ఒడ్డున, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో వున్నది. రాములవారి దర్శనం చేసుకున్న యాత్రికులు పర్ణశాలకు పోతూ మా పక్కనుంచే వెళతారు. సీతమ్మవారు నారచీరలు ఆరవేసిన గుర్తులు చూసి, మళ్ళీ మా పక్కనుంచే తిరిగి వస్తారు. ఇక్కడ నదికి అడ్డంగా ఒక పాత రాతి ఆనకట్ట వున్నదనీ, దాని వెంబడి పడవలకోసం కాలువ తవ్వి లాకులు కట్టారనీ వాళ్ళతో చెప్పేవారు లేరు. చెప్పినా బస్సు ఆగదు.

ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన మహానుభావుడే. గోదావరిని సముద్రంనుంచి నడిదేశం దాకా పడవల బాటగా చేయాలని ఆయన పట్టుదల. దారిలో మూడుచోట్ల బండలు నదికి అడ్డం పడ్డాయి: మొదటిది మా దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంచంపల్లి దగ్గర, మూడోది దేవలమర్రి దగ్గర. అక్కడ ఆనకట్ట కట్టి నీటిని నిలబెట్టాలి. ఒడ్డున కాలువ తవ్వి, లాకులలో పడవను మెట్టుమెట్టుగా ఎక్కించి, బండలు దాటించాలి. ఆ పని దగ్గరుండి చేయించినవాడు హేగ్ అనే సైనిక ఇంజనీరు.

ఈ అడవిలో అంత హడావుడి ఎందుకయ్యా అంటే, పత్తికోసం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడి రేవులు మూతపడ్డాయి. అమెరికా పత్తి మీదనే బతుకుతున్న లంకాషైరు మిల్లులు ఆగిపోయి, వేలకు వేల కుటుంబాలు గంజికేంద్రాల ముందు వరుసలు కట్టాయి. బీరారు పత్తిని గోదావరిమీదుగా కాకినాడ రేవుకు దింపి ఓడలకెక్కిస్తే మాంచెస్టరు మగ్గాలు మళ్ళీ ఆడతాయని వాళ్ళ ఆశ. ఆ యుద్ధం 1865లో ముగిసింది. 1867లో బొంబాయినుంచి రైలు నాగపూరు చేరింది. పత్తి పడవ సంగతి మరిచిపోయి రైలెక్కింది. లక్షల పౌండ్లు ఖర్చయిన తరువాత 1871లో గవర్నమెంటువారు పని ఆపుచేశారు. దొరల డేరాలు లేచిపోయాయి, మిషను మాత్రం మిగిలింది. కోయల ఆచారాలను గురించి జాన్ కెయిన్ అనే పాదిరీ ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వ్రాసిన వ్యాసాలను ఇప్పటికీ పరిశోధకులు తిరగవేస్తుంటారు. మిషను దొరసానులు ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు.

మా ఆవిడది ధవళేశ్వరం. అంటే ఒక ఆనకట్ట దగ్గర పుట్టి మరొక ఆనకట్ట దగ్గరికి కాపురానికి వచ్చిందన్నమాట. రెండూ ఒకే దొర తలపెట్టినవే అయినా ఆమె దృష్టిలో రెండూ సమానం కావు. "మా కాటన్ దొర మా డెల్టాకు అన్నం పెట్టాడు. మీకేం పెట్టాడు? రాళ్ళు పెట్టాడు" అంటుంది. ఇరవై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాను. జవాబు చెప్పడం కష్టమే. వాళ్ళది పొలాల ఆనకట్ట. మాది పడవల ఆనకట్ట. పొలాలు వున్నాయి, పడవలు పోయాయి. మొన్నమొన్న సీతారామ ఎత్తిపోతల పథకంవారు మా ఆనకట్టకు ఎగువనుంచి నీళ్ళు తీసుకోబోతున్నారని పత్రికలో చూసి, "అదిగో, మా రాళ్ళూ పనికొచ్చాయి" అన్నాను. "ఆ నీళ్ళు అవతలి ఒడ్డువాళ్ళకండీ" అని పత్రిక మడిచి నా చేతిలో పెట్టింది.

ఇక పెద్దావిడ సంగతి. మాంచెస్టరులో మా డాక్టరు వున్నాడు. దుమ్ముగూడెం బడిలో మేమిద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట అక్కడికి వెళ్ళి ఆసుపత్రిలో కుదురుకున్నాడు. తల్లి ఊళ్ళో ఒక్కతే వున్నది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పొంగినప్పుడు ఆమె ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. అంతకుమించి పొంగింది 1986 ఆగస్టులో, 75.6 అడుగులకు. ఆ యేడు నీళ్ళు తీసిన తరువాత డాక్టరు తండ్రిగారు వసారా గోడమీద నీరు నిలిచినచోట ఎర్రరంగుతో గీత గీసి తేదీ వేశారు. 2022 నీళ్ళు ఆ గీతను అందుకోలేదు. అందుకని పెద్దావిడ "ఇదేం వరద" అంటుంది. కొడుకు మాత్రం టెలివిజనులో భద్రాచలం చూసి మూడు రాత్రులు నిద్రపోలేదట. అప్పటినుంచి ఇల్లు అమ్మేసి హైదరాబాదులో అపార్టుమెంటు కొంటానంటాడు, ఆమె కదలనంటుంది. ఆదివారం ఆదివారం ఫోనులో ఇద్దరూ దీనిమీదనే పోట్లాడుకుంటారు. ఆ తరువాత వంకాయకూర సంగతి మాట్లాడుకుని పెట్టేస్తారు.

మేము బయలుదేరేముందు ఆమె మామిడితాండ్ర, కారప్పొడి, చింతపండు మూటకట్టి తెచ్చింది. వాళ్ళ అత్తగారి నాటి లేసు గుడ్డ ఒకటి మడతపెట్టి కోడలికిమ్మన్నది. "ఫోనులో వాడి బొమ్మ కనబడుతుంది గాని మనిషి కనబడడు నాయనా. చూసివచ్చి ఎలా వున్నాడో చెప్పు. ఇల్లు మాత్రం అమ్మనని వాడి ఎదుట కూర్చుని చెప్పు. నేను చెబితే ఫోను కట్టేస్తాడు" అన్నది. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. రాయబారాలు తరగతిలో చదివి వినిపించడమే గాని నడిపిన అలవాటు లేదు.

హైదరాబాదునుంచి లండనుకు విమానంలో పది గంటలు. కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కాయి. లండనులో వున్నది నాలుగు రోజులే. బ్రిటిష్ మ్యూజియంలో గాజు తలుపుల వెనక మన అమరావతి స్తూపం శిల్పాలు చూశాము. పాలరాతిలాంటి ఆ తెల్లని రాతిమీద ఆడవాళ్ళ నడుము వంపులు, పూర్ణకుంభాలు, ఏనుగులు - వాటిమధ్య నిలబడితే గుంటూరు ఎండ గుర్తుకు వచ్చింది. టవరు కోటలో కిరీటాలముందు జనాన్ని కదిలే పట్టీమీద నిలబెట్టి లాగేస్తారు; కోహినూరు చూశామో లేదో మా ఇద్దరికీ ఇప్పటికీ తేలలేదు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో బ్రౌన్ దొర సమాధికి నమస్కారం పెట్టివచ్చాను. 1884లో పోయాడాయన. ఆయన నిఘంటువు తిరగవేయని వారం నా ఉద్యోగంలో లేదు.

ఐదోనాడు డార్కింగుకు బయలుదేరాము. లండనుకు దక్షిణంగా రైల్లో గంట ప్రయాణం. సరే అనుకోదగ్గ చిన్న పట్నం. చుట్టూ పచ్చని గుట్టలు, వాటిలో ఒకటి బాక్స్ హిల్. కాటన్ దొర పదవీ విరమణ తరువాత చివరి రోజులు ఇక్కడే గడిపి, 1899 జూలై 24న తొంభయ్యారేళ్ళ వయసులో పోయాడు. రైగేటు రోడ్డుమీద శ్మశానం. లోపల ఆంగ్ల నవలాకారుడు మెరిడిత్ సమాధి కూడా వున్నది. ఆ వూరివారు చూడవచ్చేది ఆయన్ను. కాటన్‌ను చూడవచ్చేది మనవాళ్ళే. ఇంగ్లండులో వున్న తెలుగువారు అడపాతడపా వచ్చి పూలమాల వేసి పోతారు.

మా ఆవిడ సంచిలోంచి చిన్న సీసా తీసింది. ధవళేశ్వరం రేవులో నింపి, మూతకు మైనం పూసి, బట్టల మధ్య చుట్టి తెచ్చిందట. నాకు చెప్పలేదు. సగం నీళ్ళు తాను పోసి, "తక్కిన సగం మీ ఊరి తరఫున మీరు పోయండి, మీకూ కాస్త కష్టపడ్డాడుగా" అన్నది. ఈ అవకాశం వదులుకుంటానా? "ధవళేశ్వరం నీళ్ళు మా ఆనకట్ట దూకి వచ్చినవే గాని మీ ఊళ్ళో పుట్టినవి కావు. మొత్తం మా నీళ్ళే" అన్నాను. ఆ ఒక్క పూట ఆమె మాట్లాడలేదు.

గోదావరి రేవుల్లో స్నానసంకల్పంలో కాటన్ పేరు తలచుకునే బ్రాహ్మలుండేవారని చిన్నప్పటినుంచి వింటున్నాము. డెల్టాకు ఆయన చేసినదానికి అది ఎక్కువేమీ కాదు. అయితే దుమ్ముగూడెంవాణ్ణి గనుక నాకు మరొకటి తోచింది. మా ఆనకట్టకు రాయి కొట్టినవాళ్ళూ, మోసినవాళ్ళూ, నీళ్ళల్లో నిలబడి పేర్చినవాళ్ళూ ఎవరో, వాళ్ళ పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనబడలేదు. వాళ్ళకు సమాధులు వెతుక్కుంటూ రైలెక్కే వీలులేదు. మిగిలిన నాలుగు చుక్కలు గడ్డిమీద వదిలాను.

మాంచెస్టరుకు లండనునుంచి రెండు గంటలు చిల్లర. స్టేషనులో డాక్టరు నిలబడివున్నాడు. కణతల దగ్గర నెరిసింది. నవ్వితే మాత్రం అదే మనిషి. "ఒరే, నువ్వేమిట్రా మాష్టారిలా తయారయ్యావు" అన్నాడు. మాష్టారు మాష్టారిలా కాక ఎలా వుంటాడు? వాళ్ళావిడ వాకిట్లోనే ఎదురై "రండన్నయ్యగారూ, వదినా ఇలా రా" అని మా పెట్టెలు లాక్కున్నది. లేసు గుడ్డ విప్పి చూసి, కిటికీ వెలుతురుకు పట్టి, ఒక్కమాటా అనకుండా బీరువాలో పెట్టింది. పిల్లవాడికి పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. మామిడితాండ్రకు మాత్రం తెలుగులోనే "ఇంకొంచెం" అన్నాడు.

రాయబారం మొదటి రాత్రే అయిపోవాలని భోజనాల దగ్గర ఎత్తుకున్నాను. డాక్టరు అన్నం కలుపుతూ విన్నాడు. "అమ్మను ఇక్కడికి తెచ్చుకోలేనా అని నువ్వూ అనుకుంటున్నావేమో" అన్నాడు. 2012లో ఇక్కడ నిబంధనలు మార్చారట. తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడాలంటే, ఒకరి సాయం లేనిదే స్నానం, తిండి జరగని స్థితిలో వుండాలి; ఆ సాయం స్వదేశంలో డబ్బిచ్చినా దొరకదని రుజువు చేయాలి. "అమ్మ బిందె ఎత్తుకుని నడుస్తుంది. ఆమె బాగున్నంతకాలం రావడానికి వీల్లేదు, బాగాలేనప్పుడు విమానం ఎక్కలేదు. ఏం చెయ్యమంటావు?" అన్నాడు. చుట్టపుచూపుగా ఒకసారి వచ్చి నలభై రోజులు వున్నదట. ఇంటిదగ్గర కాలువను చూపిస్తే "ఈ నీళ్ళకు నడక లేదురా" అని మొహం తిప్పుకున్నదట. నా దగ్గర సమాధానం లేదు. పప్పు వడ్డించుకున్నాను.

మర్నాడు శనివారం. మమ్మల్ని కాసిల్‌ఫీల్డుకు తీసుకువెళ్ళాడు. 1761లో బ్రిడ్జివాటరు ప్రభువు తన గనుల బొగ్గును మాంచెస్టరుకు తేవడానికి తవ్వించిన కాలువ అక్కడికి వస్తుంది. దానికి రాచ్‌డేలు కాలువ వచ్చి కలుస్తుంది. కొండలు దాటి యార్క్‌షైరు వైపునుంచి వచ్చే ఈ కాలువ 1804లో పూర్తయింది. ఊరి నడిబొడ్డున, మేడల కిందుగా, వంతెనల చీకట్లోంచి తొమ్మిది లాకులు వరుసగా మెట్లలా ఎక్కుతాయి. ఒకప్పుడు ఈ ఒడ్లన్నీ పత్తి గిడ్డంగులే. ఇప్పుడు వాటిలో కాఫీ హోటళ్ళు, కాపురాలు వున్నాయి.

నేను మొదటి లాకు దగ్గరే ఆగిపోయాను. రాతిగోడలు, రెండు జతల తలుపులు, తలుపులకు బారెడు లావు దూలాలు - మా ఊళ్ళో మేము దాగుడుమూతలు ఆడిన గోడలకు తలుపులు పెడితే ఇలాగే వుండును. బడి ఎగ్గొట్టి ఎక్కి కూర్చున్నప్పుడు ఇక్కడికి పడవ ఎలా ఎక్కుతుందా అని మేమిద్దరం వాదించుకునేవాళ్ళం. డాక్టరు నా మొహం చూసి నవ్వాడు. "నేనూ వచ్చిన కొత్తలో ఇక్కడే నిలబడ్డానురా" అన్నాడు.

అప్పుడే ఒక పడవ వచ్చింది. పొడుగ్గా, సన్నగా, పూలకుండీలతో, పొగగొట్టంతో. దానిలో అరవై దాటిన భార్యాభర్తలు. వాళ్ళకు అదే ఇల్లట. ముసలావిడ చేతిలో ఇనుప పిడి పట్టుకుని దిగి, పళ్ళచక్రానికి తగిలించి తిప్పితే తలుపులో చిన్న తూము లేచి నీళ్ళు లోపలికి దూకాయి. పడవ గిన్నెలో పాలు పొంగినట్టు నెమ్మదిగా పైకి లేచింది. నీళ్ళు రెండువైపులా సమానమయ్యేదాకా ఏ పహిల్వాను నెట్టినా తలుపు కదలదు. సమానమైన తరువాత ఆడమనిషి నడుముతో నెడితే చాలు. మా ఆవిడ ధవళేశ్వరం లాకుల పిల్ల. అడగకముందే కొంగు దోపుకుని దూలానికి వీపు ఆనించి, ఆ ఇంగ్లీషు ఆవిడతో కలిసి వెనక్కి నడిచింది. తలుపు తెరుచుకున్నది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మూడు లాకుల దాకా కబుర్లు చెప్పుకుంటూనే వున్నారు.

ఆ కాలువ ఎప్పుడూ ఇలా లేదట. రైలు, ఆపైన లారీలు వచ్చి దీనికీ మా కాలువ గతే పట్టింది. 1952లో చాలామేరకు రాకపోకలు మూసివేశారు. లాకులు పూడ్చారు, కొన్నిచోట్ల రోడ్లు వేశారు. తరువాత కాలువంటే ఇష్టమున్న జనం పూనుకుని, ముక్క ముక్కగా బాగుచేసుకుంటూ వచ్చి, 2002లో మొత్తం మళ్ళీ తెరిచారు. పత్తికోసం కాదు, బొగ్గుకోసం కాదు; పూలకుండీలు పెట్టుకుని తిరగడానికి. తొమ్మిది లాకులూ ఎక్కేదాకా మా ఆవిడ దీన్ని గురించే మాట్లాడింది. "మీ ఊళ్ళోనూ చేయవచ్చునండీ" అన్నది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి మా లాకులను గురించి మంచిమాట.

లింకన్ స్క్వేరులో అబ్రహాం లింకన్ విగ్రహం వున్నది. పత్తి రాక ఆకలితో వుండికూడా, మాంచెస్టరు కార్మికులు 1862 డిసెంబరు 31న సభచేసి, బానిసల విడుదలకు మద్దతు తెలుపుతూ ఆయనకు ఉత్తరం పంపారు. 1863 జనవరిలో ఆయన కృతజ్ఞతతో జవాబు వ్రాశాడు. ఆ జవాబు తాలూకు మాటలు విగ్రహం పీటమీద చెక్కారు. బల్లమీద కూర్చుని సాండ్‌విచ్చీలు తింటున్న జనం మధ్య నేను అది చదువుతూ వుంటే, అదే ఆకలి తీర్చడానికి అవే యేళ్ళలో మా ఊళ్ళో రాళ్ళు పగులుతున్నాయన్న లెక్క తట్టింది. మా కాలువకు ఒక కొస దుమ్ముగూడెంలో తెగిపోయింది. రెండో కొస ఇక్కడ.

సాయంత్రం తొమ్మిది దాటినా వెలుతురు పోలేదు. ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళారు. మేమిద్దరం, పిల్లవాడూ లాకు గట్టుమీద కూర్చున్నాము. తలుపు సందులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. డాక్టరు చాలాసేపు ఊరుకుని, "వసారాలో నాన్న గీసిన గీత వుందా?" అని అడిగాడు. వున్నదన్నాను, మొన్నటి వరద తరువాత అమ్మ దానిమీద రంగు మళ్ళీ వేయించిందని చెప్పాను. పిల్లవాడు ఆ గీత ఏమిటని అడిగాడు. తండ్రి తెలుగులో చెప్పడం మొదలుపెట్టి, పడవల్లో బియ్యం పంచిన సంగతి, గుట్టమీద పడుకున్న రాత్రి, ఆవును మేడమీదికి ఎక్కించిన సంగతి అన్నీ చెప్పాడు. పిల్లవాడు మధ్యలో ఇంగ్లీషులో ఏదో అడిగి, తానే ఆపి, "ఎంత హైటు?" అన్నాడు. తండ్రి తన తలమీద చేయిపెట్టి, ఇంకా పైకి ఎత్తి, అక్కడ తటపటాయించాడు.

"నువ్వు వెళ్ళాక నేలనుంచి ఆ గీతదాకా కొలిచి చెప్పరా" అన్నాడు నాతో. "ఆ ఎత్తుకు పైన ఒక గది, మరుగుదొడ్డి, చేతులు పట్టుకునే మెట్లు. ఎంతవుతుందో మేస్త్రీని అడుగు. ముక్కోటికి వస్తాం, వీడు తెప్పోత్సవం చూడలేదు." ఇల్లు అమ్మనని అనలేదు. అమ్ముతాననీ అనలేదు.

ఇంటికి చేరిన మర్నాడు టేపు తీసుకుని వెళ్ళాను. పెద్దావిడ కొస పట్టుకున్నది. నేలనుంచి గీతకు ఏడడుగుల నాలుగంగుళాలు. మేస్త్రీ వచ్చే బుధవారం వస్తానన్నాడు.